చెవి ఒగ్గిన ఓడ

మా అమ్మ వంటింట్లో పొద్దస్తమానం ఒక ఓడ మోగుతూ ఉండేది. మిక్సీ పక్కన చిన్న స్పీకరు, అందులోంచి దబ్, దబ్, దబ్, కాస్త ఆగి మరో దబ్. ఆ ఓడ పేరు రత్నమాల. దాని ఇంజను గదిలో మా తమ్ముడు దాలినాయుడు పనిచేస్తాడు. ఓడేమో గల్ఫ్ సముద్రంలో, అమ్మేమో విశాఖపట్నం పెదవాల్తేరులో వంకాయలు తరుగుతూ.

"నాలుగో దెబ్బ నీరసంగా ఇనపడతంది. గుంటడు సరిగ్గా తింతన్నాడో నేదో," అనేది.

"అది తమ్ముడి గుండె కాదమ్మా, ఓడ కింద తిరిగే పంకా. దాని రెక్క ఒకటి కొంచెం వంగింది, అంతే."

"నీ సదువు నీకాడే ఉంచుకోయే. నాకు ఇనపడతంది గదా!"

ఇంకేం మాట్లాడతాం? ఆ చప్పుడు ఇంటికి తెచ్చిపెట్టింది నేనే.

మా ప్రయోగశాల రుషికొండ దగ్గర గుట్ట మీద ఉంది. దానికి బారెడు పేరుంది గాని ఎవరూ పలకరు, 'చెవి' అంటాం. సముద్రం అడుగున కేబుళ్ళు ఉంటాయి కదా, మన ఫోన్లూ సినిమాలూ అన్నీ మోసుకొచ్చేవి. వాటి లోపల వెంట్రుక మందాన గాజు తీగలు, వాటిలో పరుగెత్తే వెలుగు. పైన ఓడ పోతే నీరు అదురుతుంది, నీరు అదిరితే తీగ అదురుతుంది, తీగ అదిరితే వెలుగు రవ్వంత తడబడుతుంది. ఆ తడబాటుని తిరిగి చప్పుడుగా మార్చే యంత్రం మాది. విశాఖ ఒడ్డున కూర్చుని గల్ఫ్ దాకా వినొచ్చు. ఏ రెండు ఓడలూ ఒకేలా మోగవు. రత్నమాల హెడ్‌ఫోన్లో దొరికిన రోజు నేను కుర్చీలోంచి లేచి గంతేశాను.

"ఏమిటమ్మాయ్, లంకెబిందెలు దొరికాయా?" అన్నారు మా పెద్దాయన నరహరి గారు. యంత్రం ఆయన బుర్రలో పుట్టిందే.

"మా తమ్ముడు దొరికాడండీ!"

ఆయన నవ్వి, ఆ చప్పుడు మా ఇంటికి వినిపించేలా ఒక లైను కలపమని స్వయంగా చెప్పారు. బిడ్డ సముద్రం మీద ఉన్న తల్లికి అంతకంటే ఏం కావాలి? అమ్మ దాన్ని ఒక్కరోజు ఆపలేదు. పడుకునేటప్పుడు కూడా తలుపు తీసిపెట్టుకునేది, వినపడాలని.

సముద్రంలో చప్పుళ్ళు కోకొల్లలు. యంత్రం దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలేయాలి? అందుకు నరహరి గారు ఒక ఉపాయం చేశారు. మనుషులు ఏ ఓడ దగ్గర ఆగి ఎక్కువసేపు వింటారో, ఆ ఓడకి విలువ ఎక్కువని యంత్రానికి నేర్పారు. "అనుభవం ఉన్నవాడు ఊరికే చెవి ఒగ్గడమ్మాయ్," అనేవారు. అప్పట్లో వినేవాళ్ళం మేం ఆరుగురమే, అందరం ఆ పనిలో తల పండినవాళ్ళమే. ఉపాయం బ్రహ్మాండంగా పనిచేసింది.

తర్వాత డబ్బు వచ్చింది. డబ్బు వెనకాలే జయకర్ వచ్చాడు. హైదరాబాద్ మనిషి, మాకు నిధులిచ్చిన పెట్టుబడి సంస్థ తరఫున కూర్చున్నాడు. చెడ్డవాడని అనను. పొద్దున్నే అందరికీ టీ తెప్పించేవాడు, పేర్లు గుర్తుపెట్టుకునేవాడు.

"మేడం, ఓడ ఏడుందో చెప్తే ఎవడు పైసలిస్తడు? ఆ ఓడకి ఏమన్నా అయితే ఏ షేరు పడతది, ఏది లేస్తది, గది చెప్పాలె," అన్నాడు.

అలా పుట్టింది కుదుపు సంఖ్య. ప్రతి ఓడకీ ఒక అంకె. ఆ ఓడ పోతే బజారు ఎంత కుదుపు తింటుందో చెప్పే అంకె. చమురు ఓడ పోయిందనుకోండి: చమురు తవ్వే కంపెనీలు లేస్తాయి, విమానాల కంపెనీలు కూలబడతాయి, టైర్లు, పెయింట్లు పడతాయి, బంగారం ఎగురుతుంది. ఆయుధాలు చేసేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు, వాళ్ళకి రోజూ పండగే. గోడంత తెర మీద ఈ వరసంతా కనిపించేది, మొదటి స్థానంలో ఉన్న ఓడ పేరు ఎర్రగా. దేశదేశాల పెట్టుబడిదారులు చందా కట్టి ఆ తెరని తమ గదుల్లో చూసుకునేవారు. భీమవరం రొయ్యల ఎగుమతిదారులు కూడా కట్టారు, కంటెయినర్ కిరాయిలు ఎప్పుడు పెరుగుతాయో తెలుస్తుందని.

ఫలానా ఓడ మునుగుతుందని చెవి ఏనాడూ చెప్పలేదు. మునిగితే ఏమవుతుందో చెప్పింది, అంతే. ఈ తేడా అందరికీ తెలుసు అనుకున్నాం.

వేసవి చివర్లో, గల్ఫ్ నుంచి ఓడలు బయటికి రావాల్సిన ఇరుకు జలసంధికి అటూ ఇటూ ఉన్న రెండు దేశాలూ కాల్పులు మొదలుపెట్టాయి. వాటి పేర్లు రాయడం కూడా నాకు ఇష్టం లేదు. రెండో వారంలో ఒక పెద్ద చమురు ఓడ పేలింది. మేం కాదంటే మేం కాదన్నారు ఇద్దరూ. ఆ రోజు మా తెర మీద మొదటి పేరు ఆ ఓడదే. మా చందాదారులు అప్పటికే విమానాల షేర్లు అమ్మేసి, చమురూ బంగారమూ కొనేసి కూర్చున్నారు. జయకర్ మాడుగుల హల్వా తెప్పించి పంచాడు. ఓడలో ఎవరూ చావలేదు కాబట్టి నేనూ ఒక ముక్క తిన్నాను, అరిగింది కూడా.

తర్వాత గ్యాసు ఓడ. అదీ ఆ రోజుకి మొదటి పేరే. ఈసారి మనుషులు పోయారు. హల్వా లేదు గాని ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. "సోదెమ్మ కూడా ఇంత కచ్చితంగా చెప్పదు!" అని ఒక పెట్టుబడిదారుడు మెచ్చుకున్నాడట.

నాకు మెచ్చుకోలు రుచించలేదు. మా తమ్ముడి ఓడ ఆ దారినే రావాలి మరి. అమ్మోనియా నింపుకుని, వచ్చే వారం ఆ జలసంధి దాటాలి. వీడియో కాల్‌లో వాణ్ణి దిగిపొమ్మన్నాను.

"ఎక్కడికి దిగుతానప్పా, సముద్రంలోకా?" అని నవ్వాడు. అక్కని అప్పా అనడం మా ఇంటి అలవాటు. "మాది ఎరువుల ఓడ. మమ్మల్నెవడు కొడతాడు? చమురు ఓడలైతే గానీ ఆలకి లాబం నేదు."

ఆ మాటతో కాస్త ఊపిరి పీల్చుకున్నాను. మూడో ఓడ పేలిన రోజు ఆ ఊపిరి కాస్తా పోయింది.

ఆ మూడోది పెయింట్లలో కలిపే తెల్ల పొడి మోసుకుపోయే ఓడ. చిన్నది, పాతది. సైన్యానికి పనికొచ్చేది అందులో గుప్పెడు కూడా లేదు. డబ్బొచ్చాక కొత్తగా చేరిన మా కుర్రాళ్ళు దానికి డప్పు ఓడ అని పేరు పెట్టారు, ఎందుకంటే దాని పంకా అచ్చం పెళ్ళి ఊరేగింపులో డప్పులా మోగేది. టీ తాగుతూ స్పీకర్లో పెట్టుకుని బల్లల మీద దరువేసేవారు. రోజూ అదే వేడుక.

ఆ ఓడ పేలిందని తెలిసి కుర్రాళ్ళు స్పీకరు కట్టేశారు. నేను తెర వైపు చూశాను. మొదటి పేరు అదే. పెయింటు కంపెనీల షేర్లని ఎవరో ముందు రోజే కొండంత అమ్మిపెట్టారు.

"నరహరి గారూ, పెయింటు పొడి ఓడని ముంచే శత్రువెవడండీ?"

ఆయన తెర దగ్గరికి నడిచి ఆ పేరు మళ్ళీ చదివారు.

"ఇది మొదటి స్థానానికి ఎలా వచ్చిందండీ? మన పిల్లలు రోజూ విని దరువేశారు, అందుకు వచ్చింది. అందరం విన్నాం కాబట్టి ముఖ్యమైన ఓడ అనుకుంది ఈ దిక్కుమాలిన యంత్రం. అనుకున్నాక కారణాలు అదే అల్లుకుంది. పెయింట్లు, ఇళ్ళు, సిమెంటు అని ఏదో వరస చూపించింది. జనం నమ్మారు. నమ్మినవాళ్ళలో ఎవడో ఒకడు ముందు షేర్లు అమ్ముకుని, తర్వాత ఓడని కొట్టిస్తున్నాడు. మన తెర చూసి కొడుతున్నారండీ! ఏది పోతే బజారు ఎక్కువ ఊగుతుందో మనమే వేలు పెట్టి చూపిస్తున్నాం!"

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. జయకర్ టీ కప్పు బల్ల మీద పెట్టబోయి అంచు మీద పెట్టాడు, అది కింద పడి పగిలింది. ఎవరూ తీయలేదు.

అప్పుడు తెర మారింది. మునిగిన ఓడ పేరు పోయింది. రెండో స్థానంలో ఉన్న పేరు పైకి జరిగి ఎర్రగా మారింది.

రత్నమాల.

పక్కనే కారణాలు, చక్కటి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ: అమ్మోనియా ఆగితే ఎరువుల కొరత, ఎరువులు లేకపోతే వరి నాట్లు ఆలస్యం, పల్లెజనం చేతిలో డబ్బాడక ట్రాక్టర్లు, మోటార్ సైకిళ్ళ అమ్మకాలు డౌన్, బియ్యం ధర పైకి. ముందు రోజే జయకర్ దాన్ని చూసి ఎంత మంచి లాజిక్కో అని పొగిడాడు. లాజిక్కా నా తలకాయా! అమ్మ వంటింట్లో నెలల తరబడి పగలూ రాత్రీ మోగిన స్పీకరు. ఇక మిగిలిన ఓడల్లో దేన్నీ ఎవరూ అంతసేపు వినలేదు. యంత్రం లెక్కలో అంతకంటే విలువైన ఓడ ఇంకేముంటుంది?

తెర మీది ఆ పేరుకి వేలు చూపించి, అది మా వంటింటి చప్పుడేనని అందరికీ చెప్పాను.

"ఆపేద్దాం," అన్నారు నరహరి గారు. "ఈ క్షణమే తీగ పీకేద్దాం."

"సార్, ఆగున్రి." జయకర్ అడ్డం వచ్చాడు. "ఇప్పుడు ఆపితే ఆఖరుగా అందరు చూసిన పేరు రత్నమాలనే ఉంటది. గదే మొదటిదని మిగిలిపోతది. మేడం తమ్మునికి... గట్ల కావద్దు. ముందు ఆ పేరు దించాలె. దించినంక ఆపుదాం."

అతను చెప్పింది నిజం.

ఇంటికి వెళ్ళి, చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి పోయి స్పీకరు తీగ లాగేశాను. అమ్మ పోపు వేస్తోంది.

"ఓలమ్మో! ఏటే, ఏటి సేసినావు? గుంటడి సప్పుడు ఆపీసినావేటి?"

చెప్పాను. నా ఏడుపులో నాకే సరిగ్గా అర్థం కాకుండా చెప్పాను. పోపు మాడిపోయింది. అమ్మ పొయ్యి కట్టేసి పీట మీద కూచుంది. నేను ఏళ్ళ తరబడి చదివి తెలుసుకున్నది అమ్మకి ఒక్క ముక్కలో అర్థమైపోయింది.

"అంటే మనం మురిసిపోయి మురిసిపోయి దిష్టెట్టీసినాం."

"దిష్టి కాదమ్మా..."

"మరేటంతారు దాన్ని మీ సదువుల్లో?"

అమ్మ పీట నా వైపు జరుపుకుంది.

"నీకు తవిటమ్మని పేరు ఊరికే ఎట్టినాననుకుంతన్నావేటి? నీకు ముందు ఇద్దరు పోనారు. నువ్వు పుట్టగానే సేటలో ఏసి పక్కింటోలికి సోలెడు తవుడుకి అమ్మీసినాను. ఇది నాకు అక్కర్నేని గుంట, తవుడుపాటి సెయ్యదని. అలగైతే సావు దీని మొకం సూడదని. అమ్మీసి ఊరుకున్నానా? నిన్ను సంకనెత్తకండా ఎదురింటి గుంటనెత్తుకుని తిరిగీదాన్ని. సూసీవోల కళ్ళు అటెల్లిపోవాలని."

నా ఏడుపు ఆగింది. వేరే ఓడని వినాలి. అందరం వినాలి. అప్పుడే రత్నమాల తొందరగా దిగుతుంది.

"ఆ ఎదురింటి పిల్లకి ఏమైందమ్మా?"

"ఏటవుద్దీ? సుబ్బరంగుంది. అనకాపల్లిలో కాపరం, మనవలు కూడా పుట్టీసినారు."

ఆ మాట నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో చెప్పలేను. ఊరికే వేరే ఓడని ఎంచుకుంటే అది పాపం, ఆ సంగతి నాకు తెలియకపోలేదు. అందుకే నరహరి గారూ, జయకరూ, నేనూ ముగ్గురం కూర్చుని వెతికాం. చివరికి ఉత్తర తార అనే ఓడ దొరికింది. ఖాళీ ఓడ. మరమ్మతుకి దూరంగా దక్షిణాన ఒక యార్డుకి పోతోంది, నడిసముద్రంలో ఉంది, జలసంధికి వీపు పెట్టి వెళ్తోంది. ఖాళీ ఓడని వెంటాడి కొట్టేవాడెవడు? ఎవరికీ ఏమీ కాదు. తెర మీద ఒక పేరు ఉంటుంది, అంతే, దాన్ని చూపించి తలుపులు మూసేస్తాం.

"ఇంతకంటే క్షేమమైన ఓడ సముద్రంలో లేదమ్మాయ్," అన్నారు నరహరి గారు.

అందరం హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉత్తర తారనే విన్నాం. అమ్మ స్పీకర్లో కూడా అదే పెట్టాను.

"దీని సప్పుడు బాగుందే. మెత్తగా, ఊయల ఊపినట్టు," అంది అమ్మ. "ఎవలి బిడ్డలో, సల్లగుండాల."

మూడో రోజుకి ఉత్తర తార మొదటి స్థానానికి వచ్చింది. యంత్రం దానికీ కారణాలు అల్లింది: అమ్మోనియా, గ్యాసు నింపుకోగల ఓడల్లో ఇప్పుడు ఖాళీగా ఉన్నది ఇదొక్కటే, దీని చేతిలోనే ఎరువుల బజారు ఉంది అని. రత్నమాల అట్టడుగుకి జారిపోయింది. నేను అమ్మవారికి దండం పెట్టుకున్నాను. అదే గంటలో జయకర్ చందాదారులందరికీ చెప్పేశాడు, చెవి ఇక పనిచేయదని. తెర నల్లబడింది, మా హెడ్‌ఫోన్లూ అమ్మ స్పీకరూ మాత్రం ఉంచుకున్నాం. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపు నిండా అన్నం తిన్నాను.

మర్నాడు పొద్దున అమ్మ నన్ను లేపింది.

"తవిటీ, దీని సప్పుడు మారిపోనాది. బేగి బేగి కొడతంది. ఏటో కంగారుగ ఉంది."

మంచం మీద లేచి కూర్చుని విన్నాను. ఊయల ఊపినట్టు లేదు. పరుగు. ఓడ పూర్తి వేగంతో పోతోంది. మరమ్మతుకి పోయే పాత ఓడకి అంత తొందరేమిటి?

ప్రయోగశాలకి చేరేసరికి నరహరి గారు హెడ్‌ఫోన్లతో నిలబడి ఉన్నారు. "వెనక్కి తిరిగిందమ్మాయ్. ఉత్తరానికి వస్తోంది," అన్నారు.

ఉత్తర తార యజమానుల ముంబై ఆఫీసుకి ఫోన్ చేశాను. ఎత్తినాయన అదృష్టం కొద్దీ తెలుగువాడే, కాకినాడ యాస.

"సార్, మీ ఓడ ఎందుకు తిరిగింది?"

"అదేంటండీ బాబూ, మీ చెవే కదా చెప్పింది, ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన ఓడ ఇదేనని! నిన్నట్నించీ ఫోన్లే ఫోన్లు. ఎరువుల కంపెనీలోళ్ళు ఎగబడి మరీ కిరాయికి అడిగారండీ. యార్డు తర్వాత చూసుకుందామని వెనక్కి తిప్పేశాం. జలసంధిలో ముందు దీనికే దారిమ్మని కూడా చెప్పించేశారు."

"సార్, దయచేసి ఆపండి. మా అంకె తప్పు. ఆ ఓడని కొడతారు. మా తెర చూసే కొడుతున్నారు."

అటు పక్క నవ్వు.

"మేడమ్ గారూ, మీకెవరికైనా కావాలంటే సూటిగా అడగండి. ఎంతకి ఆపమంటారు?"

"డబ్బు కాదండీ! మనుషులు చస్తారండీ!"

"ఇలాంటివి పొద్దున్నించి పది కాల్సొచ్చాయండీ," అని పెట్టేశాడు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా నాలుక బాగానే ఉంది, ఊడింది ఎవరి నాలుకో. నరహరి గారు తీరరక్షణ వాళ్ళకి రాశారు, మాకు తెలిసిన ప్రతి ఆఫీసుకీ ఫోన్ చేశారు. "గమనించాం" అని ఒక జవాబు వచ్చింది. జయకర్ తన చందాదారులకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అరిచాడు. వాళ్ళలో ఒక్కరూ నమ్మలేదు. ముందు రోజే చెవి మూసేసినవాళ్ళు ఇవాళ భయపెడుతున్నారంటే లోపల ఏదో పెద్ద లాభం ఉండి ఉంటుందని అనుకున్నారు. కొందరు అది విని ఉత్తర తార మీద ఇంకా పందెం పెంచారు.

రెండు రోజులు అది వస్తూనే ఉంది. మేం వింటూనే ఉన్నాం. అమ్మ స్పీకరు నేను ఆపబోతే ఆపనివ్వలేదు. "నువ్వెట్టినావు. ఇప్పుడొగ్గీసి ఎల్లిపోతావేటి దాన్ని?" అంది. స్పీకరు ముందు దీపం పెట్టి కూచుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ, ఎండ ఫెళ్ళుమంటున్నప్పుడు, జలసంధిలో అది పేలింది. హెడ్‌ఫోన్లో నా చెవి పగిలినంత పనైంది. తర్వాత లోహం చిరిగే చప్పుడు, చాలాసేపు. నరహరి గారు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి అలా ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

జయకర్ ఫోనులో షేర్ల ధరలు చూస్తున్నాడు, చూడాలని కాదు, అలవాటు కొద్దీ. "ఎరువులు పడ్డయి. గ్యాసు లేచింది. బంగారం లేచింది," అన్నాడు. "మనోళ్ళందరు లాభంలనే ఉన్నరు మేడం. ఒక్కడు కూడ నష్టపోలే." అని బయటికి పరుగెత్తి మెట్ల మీద వాంతి చేసుకున్నాడు.

తమ్ముడు మర్నాడు ఫోన్ చేశాడు. వాడి మొహం చూడగానే బతికాడన్న సంతోషం ముందు వచ్చింది. ఆ మాట దాచను, కట్టలు తెంచుకుని వచ్చింది. వాడు మాత్రం నన్ను చూడటం లేదు.

"అప్పా, మేమే ముందెల్లాల. ఎదురొస్తన్న ఆ ఓడకి తొందరని మమ్మల్ని పక్కన నిలబెట్టీసినారు. మా కళ్ళ ముందే అప్పా. మేమే ఎల్లి తీసినాం నీళ్ళలోంచి. కొందర్నే తీయగలిగినాం."

"నీకేమైనా దెబ్బలు..."

"నాకేటీ అవనేదు. అప్పా, ఆ ఓడలో మనోడొకడున్నాడు. కవిటి దగ్గరోడు. ఈశ్వర్రావని, నాతోపాటే శిక్షణలో ఉండీవోడు. నా సేతుల్లోనే పోనాడు. వాళ్ళమ్మకి ఇంకా ఎవలూ సెప్పనేదంట. కంపెనీవోలు కాయితాలు పంపుతారంట. కాయితం సూసి తెలుసుకోవాలేటప్పా ఆవిడ? నాను సెప్పలేను. నువ్వు సెప్పప్పా. నువ్వు సదువుకున్నదానివి, నీకు సెప్పడం వొస్తాది."

నంబరు పంపాడు. నేను బాల్కనీలోకి వెళ్ళి ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. ఎత్తిన గొంతు వెనక కోళ్ళ అరుపులు వినపడ్డాయి.

"ఎవలూ?"

"నేను దాలినాయుడి అక్కనండీ, విశాఖపట్నం నుంచి. రత్నమాల ఓడలో..."

"ఓలమ్మా! దాలినాయుడి అప్పవా? మావోడు ఎప్పుడూ సెప్తాడు మీ తమ్ముడి గురించి. ఏటమ్మా, ఆ బాబు బాగున్నాడా? టీవీలో ఏటేటో సూపిత్తన్నారు, ఏదో ఓడ పేలిపోనాదని. మీ తమ్ముడిది కాదు గదా?"

"కాదమ్మా. వాడు బాగానే ఉన్నాడు."

"సల్లటి కబురు సెప్పినావు తల్లీ! మరేటి, ఏడుత్తన్నావేటి? ఊరుకో. ఊరుకోమ్మా. బయపడిపోనావు, పాపం. మావోడి గురించి నాకేటీ బెంగ నేదు. ఆడి ఓడ ఖాళీగా యార్డుకి ఎల్లిపోతంది, పోనివారం ఫోన్ సేసినాడు. ఆడికి గొడవే నేదు. సాయంత్రం గుడికెల్తాను, నీ తమ్ముడి పేర కూడా కొబ్బరికాయ కొడతాను. ఏ గోత్రమమ్మా మీది?"

నాకు గోత్రం కూడా గుర్తు రాలేదు. ఆవిడ అటు ఎదురుచూస్తోంది.

"అమ్మా," అన్నాను. "మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"